ఆర్15 వీ3కి క్లచ్ ప్లేట్లు: కంపెనీవా, కెవ్లార్‌వా?

ప్రశ్న
అన్నలూ, నాది యమహా ఆర్15 వీ3, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. మీటర్ 38 వేలు దాటింది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఆర్‌పీఎం లేస్తోంది గానీ బండి లాగట్లేదు. ప్లేట్లు అయిపోయాయని మెకానిక్ అంటున్నాడు. షాపులో మూడు రకాలు చూపించారు: కంపెనీ సెట్, సగం ధరకే లోకల్ సెట్, గట్టి స్ప్రింగులతో కెవ్లార్ (వేడికి తట్టుకునే గట్టి పోగు) సెట్. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, అప్పుడప్పుడు లాంగ్ రైడ్. ట్రాక్ మీదికి వెళ్లను. ఏది వేయించమంటారు?

జవాబు
తమ్ముడూ, డబ్బులు పెట్టే ముందు రెండు చూసుకో. క్లచ్ లివర్ చివర 10 నుంచి 15 మి.మీ. ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యే ముందు లివర్ వదులుగా కదిలే దూరం) ఉందా? కేబుల్ బిగుతుగా ఉంటే కొత్త ప్లేట్లు కూడా జారతాయి. రెండోది ఆయిల్. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్‌కి సరిపడే బైక్ ఆయిల్ గుర్తు) అని ఉండాలి. నీ బండిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. చాలా కార్ల ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, క్లచ్‌కి అవి పడవు. పాత ఓనర్ ఏం పోశాడో మనకి తెలీదు కదా. ఈ రెండూ సరిచేసి, ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో ఒక్కసారిగా థ్రాటిల్ ఇవ్వు. అప్పటికీ ఆర్‌పీఎం ఒక్కటే ఎగిరి స్పీడ్ పెరగకపోతే విప్పించు.

విప్పాక మాత్రం కంపెనీ సెట్టే వేయించు. వీ3లో ఉన్నది అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్. ఇంజిన్ లాగుతున్నప్పుడు లోపలి క్యామ్‌లు, అంటే ఏటవాలుగా ఉండే మెట్లు, ప్లేట్లని ఇంకా దగ్గరికి నొక్కుతాయి. అందుకే మెత్తటి స్ప్రింగులతోనే పట్టు వస్తుంది, లివర్ తేలిగ్గా ఉంటుంది. గేర్లు గబగబా దించినప్పుడు అవే క్యామ్‌లు పట్టు సడలించి వెనక టైరు కుదుపుల్ని తగ్గిస్తాయి. దీనికి గట్టి స్ప్రింగులు బిగిస్తే ఆ సుఖం పోతుంది, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఎడమ చెయ్యి లాగేస్తుంది. కెవ్లార్ వేడిని బాగా తట్టుకుంటుంది, రేసుల వాళ్లకి అవసరమే. ఏ మార్పూ చేయని 155 సీసీ ఇంజిన్‌తో ఆఫీసుకెళ్లే నీకు అది దండగ.

లోకల్ సెట్ జోలికి అసలు పోకు. ప్లేటుకీ ప్లేటుకీ మందం తేడా వస్తే పట్టు సమంగా ఉండదు, ప్లేటు మీది కార్క్ (రాపిడి పొర) ఊడితే ఆ ముక్కలు ఆయిల్‌లోకే పోతాయి. పాత మోడల్ వీ2 సెట్ సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఛాసిస్ నంబర్ చెప్పి ఆర్డర్ పెట్టు.

ఇంకో జవాబు
అన్న చెప్పింది కరెక్ట్. కార్క్ ప్లేట్ల మధ్య ఉండే స్టీల్ ప్లేట్ల సంగతి కూడా చూడు బ్రదర్. నీలం రంగుకి తిరిగాయంటే బాగా కాలాయని అర్థం. ఒక్కొక్కటీ మందపాటి గాజు పలక మీద పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడమను. సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటి వంగితే మార్చాల్సిందే. స్ప్రింగుల పొడవు కూడా కొలిపించు. హౌసింగ్ (ప్లేట్లు కూర్చునే బయటి గిన్నె) పళ్ల మీద గుంటలు పడ్డాయేమో వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ గుంటల్లో ప్లేట్లు ఇరుక్కుంటే క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ పడక చంపుతుంది.

అడిగిన వ్యక్తి
కేబుల్ సరిచేసి ఆయిల్ మార్చినా జారుతోంది అన్నా. కంపెనీ సెట్ ఆర్డర్ పెట్టేశా. ప్లేట్లు నానబెట్టక్కర్లేదు, పైన ఆయిల్ రాస్తే చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు
చాలదు తమ్ముడూ. కార్క్ ప్లేట్లని ఇంజిన్‌లో పోసే ఆయిల్‌లోనే రాత్రంతా నానబెట్టు. పొడిగా బిగిస్తే మొదటి స్టార్ట్‌లోనే పైపొర మాడొచ్చు. ముందురోజు సాయంత్రమే ఇంట్లో ఒక గిన్నెలో నానేసి, పొద్దున్నే అలాగే తీసుకెళ్లు. పాత ప్లేట్లు తీసేటప్పుడు ఏది ఏ వరసలో, ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకో. స్ప్రింగుల బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించమను, ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. కవర్ గాస్కెట్ కొత్తది తెప్పించావా? లేకపోతే ఇప్పుడే ఆర్డర్‌లో కలిపెయ్.