చచ్చినవాడి కళ్ళు చారెడు: జస్టిస్ భగవతిని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కృష్ణలంక (16 జూన్ 2017)

నిన్న ఢిల్లీలో జస్టిస్ పి.ఎన్. భగవతి పోయారు. 95 ఏళ్ళు. పొద్దున్నుంచి నా ఫోన్‌కి రెండు రకాల మెసేజులే వస్తున్నాయి. పేదవాడికి సుప్రీంకోర్టు తలుపు తీసిన మహానుభావుడని కొందరు. ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీకి తలవంచిన మనిషి, ఏడవక్కర్లేదని ఇంకొందరు. ఈ రెండో రకం పంపినాయన మా వీధిలో పెద్దమనిషి, రిటైర్డ్ లెక్చరర్. పోయిన మర్నాడే ఇలా అంటారేంటి మాస్టారూ అంటే, "చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. నేను ఉన్నంతే కొలుస్తాను" అన్నారు.

విషయం తెలియని కుర్రాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎమర్జెన్సీలో మీసా (అంతర్గత భద్రతా) చట్టం కింద విచారణ లేకుండా వేలమందిని జైళ్ళలో పెట్టారు. ఆ నిర్బంధం చట్టప్రకారం ఉందో లేదో తాము చూడొచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు జడ్జీల్లో నలుగురు (ఎ.ఎన్. రే, ఎం.హెచ్. బేగ్, వై.వి. చంద్రచూడ్, భగవతి) ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్ళూ హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేసే హక్కే లేదని తేల్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. జబల్‌పూర్ కేసు అంటే ఇదే. ఇదే భగవతి తర్వాతి పదేళ్ళలో ప్రజా ప్రయోజన వ్యాజ్యాలకి (పిల్), లోక్ అదాలత్‌లకి పెద్దదిక్కు అయ్యారు.

మీరైతే ఏది ముందు చెప్తారు?

నల్లకోటు

రెండోదే ముందు, ప్రజా ప్రయోజన వ్యాజ్యాలే. నేను జిల్లా కోర్టులో 22 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు చదవండి. బీహార్ జైళ్ళలో విచారణ ఖైదీలు, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువకాలం లోపలే ఉన్నారు. బెయిలు కట్టే డబ్బు లేక. పేపర్లో వచ్చిన వార్తలు పట్టుకుని లాయరు కపిలా హింగోరాణి పిటిషన్ వేస్తే భగవతి బెంచి విన్నది. వేలమంది బయటికొచ్చారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలో (ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకీ రక్షణ) భాగమన్నారు. వెట్టి కార్మికుల తరఫున వచ్చిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. అప్పటిదాకా సుప్రీంకోర్టు అంటే జమీందార్లూ కంపెనీలూ కొట్లాడుకునే చోటు.

ఇప్పుడు ప్రతివాడూ 'పిల్ వేస్తా' అని బెదిరిస్తాడు కదా, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి.

పాతపేపర్లు

నల్లకోటు గారూ, అదంతా ఒప్పుకుంటాను. కానీ ఎమర్జెన్సీలో జైలుకెళ్ళినవాళ్ళకి 1979 తీర్పు ఏం పనికొచ్చింది? కేరళలో రాజన్ అనే ఇంజినీరింగ్ విద్యార్థిని 1976 మార్చిలో పోలీసులు తీసుకెళ్ళారు. కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయగలిగింది ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1977లో. అప్పటికి కొడుకు లేడు. జబల్‌పూర్ తీర్పు అంటే కాగితం మీద నాలుగు సంతకాలు కాదు.

పైగా జైళ్ళలో ఉన్నవాళ్ళని ప్రభుత్వం తల్లిలా చూసుకుంటోందని రాశారు. లోపలున్నవాళ్ళకి ఏ హానీ జరగదని వజ్రంలాంటి ఆశ ఉందన్నదీ ఆయనే కదా. చదివితే ఒళ్ళు మండుతుంది.

నల్లకోటు

తప్పు. 'తల్లిలా' అన్న మాట బేగ్‌ది. వజ్రం ఆశ చంద్రచూడ్‌ది. భగవతి రాసింది వేరు. వ్యక్తి స్వేచ్ఛ లేని బతుకు బతుకే కాదు, నేనెప్పుడూ దానివైపే మొగ్గాను అని రాసి, రాజ్యాంగం చదివితే మాత్రం ఇలాగే చెప్పాల్సి వస్తోందన్నారు. తిట్టండి, కానీ ఎవరి పాపం వాళ్ళకే రాయండి.

పాతపేపర్లు

సరిదిద్దినందుకు థాంక్స్. అయితే ఇది ఇంకా ఘోరం కదా? బేగ్‌కి అది తప్పనే అనిపించలేదు. ఈయనకి స్వేచ్ఛ విలువ తెలుసు, ప్రేమ కూడా ఉందంటాడు, అయినా సంతకం పెట్టాడు. తెలియక చేసినవాడిని క్షమించడం తేలిక.

పెన్నాఒడ్డు

మా అనంతపురం జిల్లా వాళ్ళకి ఆయన పేరు ముందు తెలిసింది పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు సభ్యుడిగా. జడ్జి అని తర్వాత తెలిసింది. అదలా ఉంచండి. 2011లో ఒక ఇంటర్వ్యూలో ఆయనే ఒప్పుకున్నారు కదా, ఆ తీర్పు తప్పు, ఇప్పుడైతే ఖన్నాతో ఏకీభవిస్తాను, సారీ అని. ఈ దేశంలో తీర్పు తప్పని చెప్పిన జడ్జీలు ఎంతమంది? మనిషి తలవంచాక కూడా నెత్తిన మొట్టడం ఏం న్యాయం?

మానుకోట

అన్నా, ఆ ఇంటర్వ్యూ మొత్తం చదువు. మొదట్లో మెజారిటీవైపు లేను, ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు, అప్పటికి కొత్తవాణ్ణి అన్నాడు. కొత్తవాడా? 1960లో గుజరాత్ హైకోర్టు జడ్జి. 1967లో అక్కడే చీఫ్ జస్టిస్. 1973లో సుప్రీంకోర్టు. ఆ తీర్పునాటికి వయసు 54, జడ్జిగా పదహారేళ్ళ సర్వీసు. ఇంకెప్పుడు పాతవాడవుతాడు?

ఇంకోటి. ఖన్నా 2008లోనే పోయారు. ఈ సారీ వచ్చింది 2011లో. 1977 జనవరిలో ఖన్నాని పక్కన పెట్టి, ఆయన జూనియర్ బేగ్‌ని చీఫ్ జస్టిస్ చేశారు. ఖన్నా రాజీనామా ఇచ్చి ఇంటికెళ్ళిపోయారు. మిగతా లెక్క చూడు. రే అప్పటికే చీఫ్. తర్వాత బేగ్, ఆ తర్వాత చంద్రచూడ్, ఆ తర్వాత 1985లో భగవతి. సంతకం పెట్టిన నలుగురూ ఆ కుర్చీలో కూర్చున్నారు, పెట్టనాయన ఒక్కడే కూర్చోలేదు.

నల్లకోటు

మానుకోట గారూ, ఆ లెక్క వినడానికి బాగుంటుంది గానీ సగమే నిజం. చంద్రచూడ్‌ని చీఫ్‌ని చేసింది ఇందిర కాదు, 1978లో జనతా ప్రభుత్వం. భగవతి వంతు వచ్చేసరికి ఇందిర బతికే లేరు. ఇద్దరిదీ సీనియారిటీ వరసే. లంచంగా ఇచ్చిన కుర్చీ అనడానికి లేదు.

మానుకోట

లంచం అనలేదు. భయం అన్నా. వరసలో ఉన్నవాడికి వరస తప్పుతుందన్న భయం. 1973లో ముగ్గురు సీనియర్లని దాటించి రేని చీఫ్ చేయడం వీళ్ళంతా కళ్ళారా చూశారు. ఖన్నాకీ ఆ భయం ఉండే ఉంటుంది, అయినా ఆయన కాదని రాశారు.

డల్లాస్‌బాబాయ్

నాది వేరే గొడవ. నాకు ఎమర్జెన్సీ కంటే పిల్ గురించే కోపం. జడ్జీలు చెత్త ఎత్తడం దగ్గర్నుంచి క్రికెట్ బోర్డు దాకా అన్నీ నడిపే అలవాటు అక్కడే మొదలైంది. ఇంకో తమాషా. 1981లో ఎస్.పి. గుప్తా కేసు, దాన్నే జడ్జీల కేసు అంటారు. ఎవరైనా ప్రజల తరఫున కోర్టుకి రావచ్చని ఆ తీర్పులోనే భగవతి గట్టిగా రాశారు. జడ్జీల నియామకంలో చివరిమాట ప్రభుత్వానిదే అన్నదీ ఆ తీర్పే! ఒక చేత్తో జనానికి తలుపు తీసి, ఇంకో చేత్తో తాళంచెవి ఢిల్లీ పెద్దలకి ఇచ్చారు. 1993లో సుప్రీంకోర్టే ఆ రెండో భాగాన్ని కొట్టేసింది.

అంతకుముందు 1980 జనవరిలో ఇందిర మళ్ళీ గెలిస్తే అభినందిస్తూ ఉత్తరం రాశారు, సుప్రీంకోర్టు జడ్జిగా ఉంటూ! తోటి జడ్జి తుల్జాపుర్కర్ బహిరంగంగానే తప్పుపట్టారు.

పెన్నాఒడ్డు

ఆ ఉత్తరాన్ని నేనూ సమర్థించను బాబాయ్. అది మాత్రం దండగ పని.

వానాకాలంచదువు

నేను లా చదవలేదు. మా నాన్న లారీ యాక్సిడెంట్‌లో పోయాక నష్టపరిహారం కేసు ఆరేళ్ళు వాయిదాల మీద నడిచింది. చివరికి లోక్ అదాలత్‌లో ఒక్క శనివారం తేలింది. ఆ పూట అమ్మ భోజనం చేసిందో లేదో గుర్తులేదు గానీ, ఇంటికొచ్చి ఫైలు బీరువా పైన పడేసిన చప్పుడు మాత్రం గుర్తుంది. ఆ పద్ధతి తెచ్చినవాళ్ళలో ఈయన ఒకరని ఇవాళే తెలిసింది. నాకు అంతవరకు చాలు.

మానుకోట

తమ్ముడూ, బాధ పెట్టాలని కాదు. అడిగినదానికంటే ఎంత తక్కువకి సంతకం పెట్టారు?

వానాకాలంచదువు

సగం కంటే కొంచెం ఎక్కువ. తెలుసన్నా. అయినా ఏడో ఏడు తిరిగే ఓపిక మాకు లేదు.

నల్లకోటు

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 1980లో బచ్చన్ సింగ్ కేసులో ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని నలుగురు అంటే, కాదన్నది భగవతి ఒక్కరే. కారణాలు 1982లో ఇచ్చారు, పెద్ద పుస్తకమంత ఉంటుంది. ఉరి ఎక్కేది ఎక్కువగా పేదవాడేనని అందులో కుండబద్దలు కొట్టారు. ఎమర్జెన్సీలోనే, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైటు ఉద్యమంలోని కిష్టాగౌడ్‌నీ భూమయ్యనీ ఉరితీసిన రాష్ట్రం మనది. ఆ డిసెంట్ విలువ మనకి వేరే చెప్పక్కర్లేదు.

పాతపేపర్లు

మీరు ఆయన్ని కాపాడుతున్నాననుకుని నా వాదనే బలపరిచారు. ఐదుగురిలో ఒక్కడిగా నిలబడటం ఆయనకి చేతనవునని మీరే చూపించారు. చేతకానివాడైతే వదిలేద్దును. 1980లో నిలబడ్డాడు, 1976లో నిలబడలేదు. ఉరిశిక్ష మీద డిసెంట్ రాస్తే కుర్చీ పోదు.

నల్లకోటు

(చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.) దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి చెప్తాను. 1978లో మేనకాగాంధీ పాస్‌పోర్టు కేసులో 21వ అధికరణానికి ప్రాణం పోసిన తీర్పు ఆయనదే. చట్టం ఉంటే చాలదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలని. రోజూ బెయిలు పిటిషన్లలో నేను వాడుకునేది ఆ వాక్యాలే. అవి జబల్‌పూర్ సిగ్గులోంచి పుట్టాయా, నిజమైన నమ్మకంలోంచి పుట్టాయా అని నా క్లయింటు ఎప్పుడూ అడగలేదు.

కృష్ణలంక

మా నాన్న కూడా మీసా కింద లోపలున్నవాళ్ళే. ముందే చెప్తే చర్చ అటు తిరుగుతుందని చెప్పలేదు. ఆయన ఈ తీర్పు గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు, తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఖన్నా పోయిన రోజు మాత్రం పేపర్లో ఫొటో కత్తిరించి డైరీలో పెట్టుకున్నారు. ఇవాళ పేపర్లో భగవతి ఫొటో కూడా వచ్చింది. కత్తెర తీయలేదు. పేపర్ మడిచి పక్కన పెట్టి టీ అడిగారు.

నిర్వాహకుడు

పుట్టపర్తి మీద, ఒక పార్టీ మీద వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. దానికి వేరే చర్చ పెట్టుకోండి.

కృష్ణలంక (24 ఆగస్టు 2017)

పాత చర్చని మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఇవాళ గోప్యత కేసులో తొమ్మిదిమంది జడ్జీల తీర్పు వచ్చింది. ఆధార్ మీద రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి వేసిన కేసు. బెంచిలో మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారూ ఉన్నారు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పులో జబల్‌పూర్ మెజారిటీ తీర్పులు నాలుగూ తీవ్రంగా తప్పని తేల్చి కొట్టేశారు. నాలుగులో ఒకటి ఆయన తండ్రిది, ఒకటి భగవతిది.

నల్లకోటు

44వ సవరణతో 1978లోనే ఎమర్జెన్సీలో కూడా 21ని ఆపకుండా చేశారు కాబట్టి ఆచరణలో ఆ తీర్పు ఎప్పుడో చచ్చింది. అయినా పుస్తకంలో ఉండేది. ఇప్పుడు లేదు.

పాతపేపర్లు

భగవతి పోయి రెండు నెలల తొమ్మిది రోజులు. అంతే తేడా.

కృష్ణలంక

మా లెక్చరర్ మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. "తండ్రి తీర్పుని కొడుకే కొట్టేశాడా!" అని రెండుసార్లు అడిగారు. భగవతి ఊసు ఎత్తలేదు. తీర్పు కాపీ దొరికితే ప్రింట్ తీసి పట్టుకురమ్మన్నారు. 547 పేజీలు మాస్టారూ అంటే, ఆ జబల్‌పూర్ ఉన్న పేజీలు చాలన్నారు. నల్లకోటు గారూ, అవి ఏ పేరాలో కాస్త చెప్తారా?