నాలుగడుగుల ట్యాంకులో ఓస్కార్, కాన్విక్ట్‌లు, మలావీ ఎల్లోలు: వేటిని ఉంచుకోవాలి, వేటిని పంపేయాలి?

సీతమ్మధార_చేపలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. అపార్ట్‌మెంట్ హాల్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు పెట్టుకున్నాము. పైన రెండంగుళాలు వెలితిగా నింపుతాము కనుక అందులో సుమారు 225 లీటర్ల నీరు ఉంటుంది. ఒక టాప్ ఫిల్టర్, ఒక స్పాంజ్ ఫిల్టర్ నడుస్తున్నాయి. చేపల విషయానికొస్తే, ఆరంగుళాల ఓస్కార్ ఒకటి, కాన్విక్ట్‌లు రెండు, మలావీ ఎలక్ట్రిక్ ఎల్లోలు నాలుగు, పసుపు ఒంటిమీద నల్లచారలున్న ఆరాటస్ ఒకటి, అడుగున ఒక సకర్ ఉన్నాయి. అన్నీ సిక్లిడ్ కుటుంబపు చేపలే కనుక కలిసి ఉంటాయని దుకాణంలో చెప్పి ఇచ్చారు.

కాన్విక్ట్‌లు రెండూ జతకట్టి, ఎడమవైపు బోర్లించి పెట్టిన మట్టికుండలో గుడ్లు పెట్టిన నాటినుంచి ట్యాంకులో సగభాగం వాటి సొంతమైపోయింది. వాటికి రెండింతలున్న ఓస్కార్ కూడా ఆ వైపు తిరిగి చూడడం లేదు. ఎల్లోలు నాలుగూ కుడివైపు పైమూలలో, ఫిల్టర్ నీరు పడే చోట, ఒకదానికొకటి ఆనుకుని తలలు పైకెత్తి నిలబడుతున్నాయి. మేత వేసినప్పుడు తప్ప కిందికి రావడం లేదు. వాటిలో ఒకదాని తోక సగానికి పైగా చిరిగి, మిగిలిన అంచు తెల్లబడింది. ఇవి కలిసి బ్రతికేందుకు ఇంకేమైనా చేపలను కలపాలా, లేక కొన్నిటిని తీసేయాలా? తీసేయాల్సి వస్తే వేటిని తీసేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

రాతిగుట్ట:

ముందుగా ఒక మాట. తోక చిరిగిన ఎల్లోను ఈ రోజే వేరే తొట్టిలోకి మార్చండి. అంచు తెల్లబడిందంటే అక్కడ ఇన్ఫెక్షన్ మొదలవుతున్నట్టు అనుకోవాలి. శుభ్రమైన నీరు, ఒక స్పాంజ్ ఫిల్టర్, పైన మూత ఉంటే ప్రస్తుతానికి అదే వైద్యం. మిగతా చేపలు దెబ్బతిన్న చేపనే వెతికి మరీ కొడతాయి కనుక, దాన్ని పెద్ద ట్యాంకులో ఉంచి మందు వేసినా ఫలితం ఉండదు.

ఇక అసలు విషయం. "సిక్లిడ్" అన్నది చాలా పెద్ద కుటుంబం. మన చెరువుల్లో పెరిగే తిలాపియా, కేరళవారు రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్, దుకాణాల్లో దొరికే ఏంజెల్ ఫిష్ కూడా ఆ కుటుంబంలోవే. కుటుంబం ఒకటైనంత మాత్రాన కాపురం కుదరదు. మీ ట్యాంకులో మూడు వేర్వేరు ప్రాంతాల చేపలున్నాయి. ఓస్కార్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతానిది, కాన్విక్ట్ మధ్య అమెరికాది, ఎల్లో, ఆరాటస్ ఆఫ్రికాలోని మలావీ సరస్సువి. నీటి తేడాను కొంతవరకు సర్దుకుంటాయేమో గాని, తిండి దగ్గర, తగువు పడే పద్ధతి దగ్గర సర్దుబాటు ఉండదు. మలావీ రాళ్లమధ్య తిరిగే ఎంబునా జాతులు చాలావరకు రాతిమీద పాచిని గోకి తింటాయి, అందుకే వాటి పేగు పొడవుగా ఉంటుంది. ఓస్కార్ కోసం వేసే మాంసాహారం వాటికి పదేపదే అందితే పొట్ట ఉబ్బి, మేత మానేసి చనిపోతాయి. దీన్నే పెంపకందారులు మలావీ బ్లోట్ అంటారు. అలాగని స్పిరులినా అనే పాచితో చేసిన మేత మాత్రమే వేస్తే ఓస్కార్‌కు సరిపోదు.

కాన్విక్ట్‌ల విషయంలో మీరు చూస్తున్నది వాటి సహజ ప్రవర్తనే. ఆడదాని పొట్టమీద నారింజరంగు మచ్చ కనిపిస్తుంది చూడండి. గుడ్లు దాదాపు మూడు రోజుల్లో పొదుగుతాయి. ఆ తరువాత పిల్లలు ఈదడం మొదలుపెట్టాక తల్లిదండ్రులు వాటిని వారాల తరబడి వెంటబెట్టుకుని తిప్పుతూ, కాపాడే హద్దును ఇంకా పెంచుకుంటాయి. అంటే ఇప్పుడు సగం ట్యాంకు పోయిందనుకుంటున్నారు గాని, పిల్లలు ఈదే నాటికి మిగతా సగం కూడా పోతుంది. ఈ విడత అయిపోయినా మరో విడతకు అవి ఎంతో కాలం తీసుకోవు.

ఆరాటస్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చిన్నప్పుడు ఎంత ముద్దుగా కనిపిస్తుందో, మగదైతే పెరిగి పసుపు పోయి నల్లబడ్డాక అంత ప్రమాదకరం. ఎంబునాల్లోనే అతి దుడుకైన వాటిలో అది ఒకటి. పైగా పసుపురంగు చేప కనిపిస్తే దాన్ని పోటీదారుగా భావించి ముందు దాని మీదికే పోతుంది. కనుక మీ ఎల్లోలకు కాన్విక్ట్‌ల తరువాతి శత్రువు సిద్ధంగానే ఉంది.

నా సలహా ఇది: కొత్త చేపను కలపడం గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. ఓస్కార్‌ను ఉంచుకుంటారా, ఎల్లోలను ఉంచుకుంటారా అన్నది ముందు తేల్చుకోండి. ఓస్కార్ అయితే అడుగు పొడవు పెరిగే చేప కనుక, ఈ ట్యాంకు అదొక్కదానికే బొటాబొటిగా సరిపోతుంది, ఇక తోడుకు చోటుండదు. ఆరడుగుల ట్యాంకు కొనే ఆలోచన ఉంటే అప్పుడు సిల్వర్ డాలర్ల గుంపు దానికి మంచి జోడు. ఎల్లోలైతే ఈ ట్యాంకు చక్కగా సరిపోతుంది. వాటికి తోడుగా రస్టీ, సోకోలోఫై వంటి నెమ్మదైన ఎంబునాలను తెచ్చి, ఒక్కో జాతిలో ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉండేలా, మొత్తం 15 నుంచి 18 వరకు పెట్టవచ్చు. తక్కువ చేపలుంటే బలమైనది ఒక్క బలహీనమైన దాన్నే పట్టుకుని చంపేదాకా వదలదు. ఎక్కువ ఉంటే ఆ కోపం అందరిమీదా తలా కాస్త పంచుకుపోతుంది.

మేఘాద్రి:

రాతిగుట్ట గారు చెప్పిన దానిలో చివరి అంకెతో మాత్రం నేను ఏకీభవించలేను. చేపలను కిక్కిరిసేలా పెట్టి తగువులను తగ్గించే పద్ధతి చల్లని దేశాల్లో, కరెంటు పోని ఇళ్లలో బాగానే నడుస్తుంది. మన ఊళ్లో మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీరు 31, 32 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 32 డిగ్రీల వద్ద అది దాదాపు 7.3కు పడిపోతుంది, అదే సమయంలో చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. దానికి తోడు వేడిలో సిక్లిడ్‌ల దుడుకుతనం కూడా ఎక్కువవుతుంది. కరెంటు గంటసేపు పోతే ఎనిమిది చేపల ట్యాంకు తట్టుకుంటుంది, పద్దెనిమిది చేపల ట్యాంకు తట్టుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు లేకుండా పెద్ద చేపలు పెంచే ఇల్లు ఉండకూడదన్నది నా అభిప్రాయం. కాబట్టి 10 నుంచి 12 దగ్గర ఆగండి, ఆ తగ్గించిన సంఖ్యకు బదులుగా రాళ్లు పెంచండి.

నీటి విషయంలో మాత్రం మలావీ చేపలు పెంచేవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఆ సరస్సు నీరు క్షారగుణం కలది, పీహెచ్ 7.7 నుంచి 8.6 మధ్య ఉంటుంది. మనలో చాలామంది వంటకు పనికిరాదని తిట్టుకునే గట్టి బోరునీరు వీటికి బాగా నప్పుతుంది. అయితే తీరానికి దగ్గరి కాలనీల్లో బోరులో ఉప్పు మరీ ఎక్కువగా ఉండవచ్చు, ముందు పరీక్ష చేయించుకోండి. రిజర్వాయర్ల నుంచి వచ్చే కుళాయి నీరు వాడితే క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ మందు తప్పనిసరి. తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ యంత్రం నీటిని మాత్రం ఈ చేపలకు పోయవద్దు. అందులో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. వారానికి ఒకసారి మూడోవంతు నీరు మార్చండి, ఒకేసారి మొత్తం మార్చవద్దు.

సీతమ్మధార_చేపలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. తోక చిరిగిన చేపను నిన్ననే ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చాను, సాయంత్రం మేత తీసుకుంది. ఓస్కార్ మా పిల్లలకు బాగా మాలిమి. ట్యాంకు దగ్గరికి ఎవరు వెళ్లినా అద్దం దగ్గరికి వచ్చి ఎదురుచూస్తుంది. అయినా మధురవాడలో మా మేనమామ గారింట్లో ఆరడుగుల ట్యాంకు ఖాళీగా ఉంది, దాన్ని అక్కడికి పంపడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. కాన్విక్ట్ జతను, ఆరాటస్‌ను దుకాణంవారు తిరిగి తీసుకుంటామన్నారు. ఇక ఎల్లోలతో కొనసాగుతాము. మూడు సందేహాలు మిగిలాయి. కాన్విక్ట్‌లను పట్టి తీసేశాక పిల్లలను ఏం చేయాలి? కొత్త చేపలను ఎలా వదలాలి? అడుగున తిరిగే చేప ఏది పెట్టాలి?

పెందుర్తి_ఆక్వా:

కాన్విక్ట్‌లను వలతో తరిమి పట్టుకోవాలనుకుంటే రాళ్లు కూలి మిగతా చేపలు నలుగుతాయి. రాత్రి దీపం ఆర్పిన చాలాసేపటికి కుండ నోటికి వల అడ్డుపెట్టి కుండతో సహా పైకెత్తండి, ఆ సమయంలో కనీసం ఒకటి లోపల ఉంటుంది. పిల్లలను దుకాణంవారు తల్లిదండ్రులతో పాటు తీసుకుంటే సరే, లేకపోతే ఎల్లోలు మిగల్చవు. వినడానికి కటువుగా ఉన్నా అదే జరుగుతుంది. దయచేసి వాటిని ముడసర్లోవ జలాశయంలోనో మేఘాద్రిగెడ్డ జలాశయంలోనో వదలవద్దు. ఇళ్లలో పెంచి వదిలేసిన సకర్ చేపలు మన రాష్ట్రపు చెరువుల్లో, కాలువల్లో వ్యాపించి మత్స్యకారుల వలలను చింపుతున్న సంగతి మీరు పత్రికల్లో చూసే ఉంటారు. మీ సకర్ కూడా అడుగుకు పైగా పెరుగుతుంది, అవకాశముంటే దాన్నీ ఆరడుగుల ట్యాంకుకే పంపండి.

అడుగు చేపగా సైనోడాంటిస్ అనే పిల్లిచేప బాగుంటుంది, ముఖ్యంగా ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సుకు చెందిన చిన్న రకాలు. ఆ నీరు కూడా గట్టిదే, గట్టి కవచం వంటి తల ఉంటుంది కనుక ఎంబునాలు కొట్టినా లెక్కచేయదు, పగలంతా రాతికింద ఉండి చీకటి పడ్డాక తిరుగుతుంది. మూడు, నాలుగు కలిపి పెట్టండి. ఒక జాగ్రత్త మాత్రం మీ మేనమామ గారికి చెప్పండి: ఓస్కార్ ఉన్న ట్యాంకులో దాని నోట పట్టేంత చిన్న పిల్లిచేపను ఎప్పుడూ వేయకూడదు. పిల్లిచేప భయపడితే పక్కముళ్లను నిటారుగా బిగించేస్తుంది. అది ఓస్కార్ గొంతుకు అడ్డంపడితే మింగలేదు, కక్కలేదు, రెండూ చస్తాయి.

రాతిగుట్ట:

కొత్త చేపలను వదిలే సంగతి నేను చెబుతాను. మేఘాద్రి గారి మాట కాదనను, కరెంటు ఇబ్బంది ఉన్నచోట 12 సరిపోతాయి. అయితే వాటిని ఒక్కొక్కటిగా తేవద్దు. ఒంటరిగా వచ్చిన చేపను పాతవన్నీ కలిసి తరుముతాయి కనుక మొత్తం గుంపును ఒకేసారి, అన్నీ రెండంగుళాల లోపు పిల్లలుగా ఉన్నప్పుడే తెచ్చుకోండి. వదలడానికి ముందు పాత ఎల్లోలను బకెట్టులోకి తీసి, ట్యాంకులోని రాళ్లన్నిటినీ పూర్తిగా కొత్త పద్ధతిలో పేర్చండి. ఏ గుహ ఎవరిదో పాతవాటికి కూడా తెలియని పరిస్థితి ఉంటే మొదటి రోజు గొడవ సగం తగ్గుతుంది. రాళ్లను ఇసుక మీద కాక నేరుగా అడుగు అద్దం మీద, కింద పలచని థర్మకోల్ వేసి నిలబెట్టండి, ఎందుకంటే ఈ చేపలు ఇసుక తవ్వుతాయి, తవ్వితే గుట్ట జారి అద్దం పగులుతుంది. రాళ్లను ట్యాంకు పొడవునా ఒకే గోడలా పేర్చవద్దు. రెండు మూడు గుట్టలుగా, మధ్య ఖాళీలు వదిలి, ఒక మూలన ఉన్న చేపకు అవతలి మూలన ఉన్న చేప కనిపించకుండా పేర్చండి. ప్రతి గుహకూ రెండు దారులుండాలి, లేకపోతే లోపలికి దూరిన చేప చిక్కుకుపోతుంది. అందరినీ వదిలాక ఆ రాత్రి దీపం వేయకండి. మర్నాడు ఉదయం కొద్దిగా స్పిరులినా మేత వేసి, ఎవరు కిందికి రావడం లేదో గమనించండి.

తొట్టిలో ఉన్న ఎల్లోను తోక పూర్తిగా పెరిగాకే, ఈ కొత్త గుంపుతో పాటు కలపండి, ముందు కాదు.