తల్లి కనిపించని పిల్లికూనలను వెంటనే ఇంటికి తెచ్చుకోవాలా?

ప్రశ్న వేసిన సభ్యురాలు, హైదరాబాద్:
మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పాత అట్టపెట్టెల వెనుక, ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లికూనలు ఈ ఉదయం కనిపించాయి. తల్లి జాడ లేదు. పక్కింటివారు వెంటనే ఇంటికి తెచ్చి పాలు పట్టమంటున్నారు. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ దగ్గరకు రానివ్వదని వాచ్‌మన్ వారిస్తున్నాడు. ఏది సరైన పని?

విజయవాడ సభ్యుడు:
తేవద్దనే నా అభిప్రాయం. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాట ఊరికే పుట్టలేదు; ఒక్కొక్క కూననే నోట కరచుకొని చోటు మారుస్తున్న తల్లి గానీ, తిండి కోసం కొన్ని గంటలు వెళ్లిన తల్లి గానీ తిరిగి వచ్చేసరికి అవి లేకపోతే, ఆ ఎడబాటుకు కారణం మన దయే అవుతుంది. వాచ్‌మన్ భయం మాత్రం నిరాధారం: చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి సాధారణంగా పిల్లలను వదిలేయదు. కళ్లు తెరవలేదంటే వాటి వయసు రెండు వారాల లోపే. వాటికి రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, పాలు పట్టాలి. తడి దూదితో మెల్లగా తుడిస్తే తప్ప అవి మలమూత్రాలు విసర్జించలేవు. ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటాయి కనుక పిల్లికూనల కోసమే తయారుచేసిన పాలపొడి కావాలి. ఉద్యోగానికి వెళ్లేవారు ఇదంతా చేయగలరా?

విశాఖ సభ్యురాలు:
ఇలాంటి కూనలను ఇంట్లో పెంచినదాన్ని కనుక దీనితో పూర్తిగా ఏకీభవించలేను. కార్లు, వీధికుక్కలు తిరిగే సెల్లార్‌లో నిరీక్షణకు ఒక హద్దు ఉండాలి. పొట్ట నిండుగా, ఒళ్లు వెచ్చగా నిద్రపోతున్న కూనలకు తల్లి ఉన్నట్టే. చల్లబడి, పదే పదే అరుస్తున్న వాటిని గంటల తరబడి చూస్తూ కూర్చోవడం తగదు. అయితే చల్లబడిన కూనకు పాలు అరగవు. ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి మెల్లగా వెచ్చబరచాలి. పాలు పట్టేటప్పుడు పసిపిల్లల్లా వెల్లకిలా కాక బోర్లా ఉంచాలి, లేకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను తెచ్చిన నాలుగింటిలో ఒకటి ఈ తప్పువల్లనే పోయింది. మిగిలిన మూడింటినీ వంటింటి త్రాసులో రోజూ తూచేదాన్ని. రోజుకు సుమారు 10 గ్రాములు పెరగాలి.

విజయవాడ సభ్యుడు:
హద్దు ఉండాలన్నది ఒప్పుకుంటాను. కానీ కూనలను తెచ్చినవారు తల్లిని మరవకూడదు. దానికి ఆపరేషన్ చేయించకపోతే కొద్ది నెలల్లోనే అదే అట్టపెట్టెల వెనుక మళ్లీ ఈనుతుంది.

ప్రశ్న వేసిన సభ్యురాలు, హైదరాబాద్:
ఇప్పుడు రాత్రి పదకొండు. తల్లి వచ్చి రెండింటిని ఎక్కడికో మార్చింది. మూడోది ఇంకా అక్కడే ఉంది, పొట్ట వెచ్చగానే ఉంది. వేడినీళ్ల సీసా సిద్ధంగా పెట్టుకొని మెట్ల మీద కూర్చున్నాను.