క్రస్ట్ తోలుపై ఎగుమతి సుంకం ఎత్తివేయడం మేలా, కీడా?

తంగేడు పూలు:
2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్ తోలు రంగంలో రెండు సుంకాలను తీసేసింది. ఒకటి వెట్ బ్లూ దిగుమతిపై ఉన్న 10 శాతం, మరొకటి క్రస్ట్ ఎగుమతిపై ఉన్న 20 శాతం. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోది పెద్ద తప్పు.

ఈ రంగం తెలియనివారి కోసం కాస్త వివరం. ఉప్పు తోలును, అంటే ఉప్పు పట్టించి నిల్వ చేసిన పచ్చి తోలును, నానబెట్టి, సున్నంలో వేసి వెంట్రుకలు ఊడగొట్టి, కండ గీకి, క్రోమియం లవణంతో పదును చేస్తే నీలిరంగు తిరుగుతుంది. తడిగా ఉన్న ఆ తోలే వెట్ బ్లూ. దాన్ని కావలసిన మందానికి చెక్కి, మళ్లీ పదును పెట్టి, నూనె పట్టించి ఆరబెడితే క్రస్ట్. దానిపై రంగు, మెరుగు వేశాక కోతకు, కుట్టుకు వెళుతుంది.

మురికిలో చాలా భాగం క్రస్ట్ కాకముందే పుడుతుంది. టన్ను ఉప్పు తోలు నుంచి చివరికి చేతికొచ్చేది 200 నుంచి 250 కిలోల తోలు మాత్రమే. మిగతాదంతా కండ, వెంట్రుక, పొట్టు, బురద. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది మాత్రం క్రస్ట్ తరవాతి పనుల్లో. కుట్టు మిషన్ల ముందు కూర్చునేవారిలో ఎక్కువ మంది ఆడవాళ్లే. అంటే క్రస్ట్‌ను అమ్మడమంటే బురద మన దగ్గర ఉంచుకుని కూలిని పొరుగు దేశానికి పంపడమే. సగం పదును చేసిన తోళ్ల ఎగుమతి తగ్గించి, తయారైన తోలు, తోలు వస్తువుల వైపు మళ్లాలని 1972లో సీతారామయ్య కమిటీ చెప్పింది. దేశం ఆ దారిలో నడిచింది కనుకనే ఇవాళ మనకు బూట్ల పరిశ్రమ ఉంది.

డ్రమ్ము చప్పుడు:
తంగేడు పూలు గారూ, మాది చిన్న టానరీ, అంటే తోళ్లు పదును చేసే కార్ఖానా. మా నాన్నగారి కాలం నుంచి క్రస్ట్ వరకే చేస్తాం. మీ లెక్కలో మా పేరే లేదు.

విదేశీ కొనుగోలుదారు మా తోలుకు నూరు రూపాయలు ఇస్తానంటే అందులో ఇరవై సుంకానికి పోయేది. ఆ సంగతి ఇక్కడి బూట్ల కంపెనీకి తెలుసు కనుక ఎనభై రెండు ఇస్తాననేది. అంటే సర్కారు ఖజానాకు పైసా చేరకుండానే మా జేబులోంచి వాళ్ల జేబులోకి పద్దెనిమిది రూపాయలు వెళ్లేవి. ఆ ఎనభై రెండు కూడా మూడు నెలలకో, నాలుగు నెలలకో వచ్చేది. ఒక పెద్ద కొనుగోలుదారు సరుకు దించుకున్నాక గ్రేడు తగ్గించి ధర కోశాడు. వెనక్కి తెచ్చుకుందామంటే లారీ కిరాయికే సరిపోదు.

రంగు, మెరుగు వేసే ఫినిషింగ్ కూడా మీరే చేసుకోవచ్చు కదా అంటారు. స్ప్రే యంత్రానికి, అచ్చు ప్రెస్సుకు అయ్యే పెట్టుబడి ఒక ఎత్తు. వచ్చే సీజనులో ఏ రంగు నడుస్తుందో ముందే తెలియడం అంతకు మించిన ఎత్తు. చిన్న టానరీల ఎగుమతికి వీలు కల్పించడానికే సుంకం తీసేస్తున్నామని బడ్జెట్ ప్రసంగంలోనే ఉంది. ఇన్నేళ్లకు ఒకసారి మా పేరు పలికారు.

పాలారు ఒడ్డు:
నేను తమిళనాడులో, టానరీలున్న పాలారు నది ఒడ్డున, వాణియంబాడి దగ్గర పెరిగాను. మీ ఇద్దరి వాదనలోనూ నది లేదు.

1996లో వేలూరు పౌర సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రం మన చట్టంలో భాగమని తేల్చింది. అదే పాలారు కాలుష్యంపై ఆ కోర్టే మళ్లీ 2025 జనవరి 30న తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ తరవాత రెండో రోజున ఈ బడ్జెట్. ఇరవై ఎనిమిదేళ్లు దాటినా ఒకే నది గురించి ఒకే కోర్టు ఒకే మాట చెప్పవలసి వచ్చిందంటే ఏమనుకోవాలి? అక్కడి రాణిపేటలో 2015 జనవరి 31న, టానరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రపు బురద తొట్టి గోడ కూలి పదిమంది కార్మికులు నిద్రలోనే పోయారు. తోలు ధర గురించి మాట్లాడినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

తంగేడు పూలు గారు వెట్ బ్లూ దిగుమతితో పేచీ లేదన్నారు. మురికిలో చాలా భాగం క్రస్ట్‌కు ముందే పుడుతుందని మీరే చెప్పారు. మరి వెట్ బ్లూ కొనడమంటే ఆ మురికిని ఇంకెవరి నదిలోనో వేయడం కాదా? అక్కడా ఒడ్డున ఊళ్లుంటాయి.

తంగేడు పూలు:
ఆ కోణం నేను చూడలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే క్రస్ట్ ఎగుమతి పెరిగితే పాలారు మీద భారం పెరుగుతుందా, తగ్గుతుందా? మీ జవాబు కావాలి.

పాలారు ఒడ్డు:
పెరుగుతుంది. మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో 60, 70 శాతమే తోలు పీల్చుకుంటుంది. తక్కినది నీటిలో కలుస్తుంది. వ్యర్థజలాన్ని బయటికి వదలకూడదనే నిబంధన వల్ల వడపోసి, మరిగించి నీరు తిరిగి తీసుకుంటున్నారు, సరే. అడుగున మిగిలిన ఉప్పు ఎక్కడికి పోవాలి? అది గుట్టలుగా పేరుకుంటోంది. ఆ శుద్ధి ఖర్చు పెద్దవాళ్లకంటే చిన్న టానరీలనే ఎక్కువగా పిండుతుంది, డ్రమ్ము చప్పుడు గారి బాధ నాకు తెలుసు. కాకపోతే ఆ ఖర్చు క్రస్ట్ ధరలో కలవాలి, నదిలో కాదు.

లంద మనవడు:
ఆలస్యంగా వచ్చాను. మా తాత మా ఊళ్లో లంద, అంటే తోళ్లు ఊరబెట్టి పదును చేసే తొట్టి, నడిపాడు. తంగేడు చెక్క (బెరడు), కరక్కాయ నీళ్లలో వారాల తరబడి తోలు ఊరేది. మోట బొక్కెన, చెప్పులు, డప్పు అన్నీ అందులోంచే వచ్చేవి. తోలు పనిముట్లైన ఆరె, రంపె పట్టిన చేతిని ఊరంతా వాడుకుంది, ఊరి బయటే ఉంచింది. ఇప్పుడు నైపుణ్యాభివృద్ధి అనే మాట వినపడగానే కుట్టు శిక్షణ కేంద్రం ఒక్కటే గుర్తొస్తుంది అందరికీ.

నైపుణ్యం కబేళాలో కత్తి దగ్గర మొదలవుతుంది. తోలు తీసేటప్పుడు కత్తి కాస్త లోతుకు జారితే ఆ గాటు క్రస్ట్‌లో కనబడుతుంది, తోలు రెండు గ్రేడ్లు కిందికి పడుతుంది. డ్రమ్ము చప్పుడు గారి ధర కోసిన గ్రేడు కథలో సగం అక్కడిదే అయి ఉండవచ్చు. తోలు తీసేవాడికి చెల్లించేది తలకింత అని. గాటు లేకుండా తీసినందుకు అదనంగా ఒక్క రూపాయి రాదు. అలాంటప్పుడు అతను ఎందుకు నెమ్మదిగా తీస్తాడు? తోలు తీయగానే చల్లబరిస్తే ఉప్పు చాలా తగ్గించవచ్చు, కానీ ఆ చల్లని గది కట్టేదెవరు?

తంగేడు పదునుతో చేసే ఈస్ట్ ఇండియా తోలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే చెక్క పదును పూర్తిగా శుభ్రమని మురిసిపోవద్దు. ఆ నీటికీ శుద్ధి కావాలి, అదీ దుర్వాసన వేస్తుంది. మా తాత ఇంటికి చుట్టాలు రాకపోవడానికి ఆ వాసన ఒక సాకు.

డ్రమ్ము చప్పుడు:
లంద మనవడు గారూ, మీరు చెప్పిన గాట్ల మాట అక్షరాలా నిజం. తోళ్లకు గ్రేడు కట్టే మా సెలక్షన్ బల్ల మీద రోజూ చూస్తాను. గాటు లేని తోలుకు అదనంగా ఇవ్వడానికి నేను సిద్ధమే. కానీ కబేళాకూ నాకూ మధ్య ఇద్దరు దళారులున్నారు, ఆ డబ్బు కత్తి పట్టినవాడికి చేరదు. సుంకం తీసేశాక నాకు దక్కే పద్దెనిమిదిలో కొంత శుద్ధి కేంద్రానికి, కొంత అతనికి వెళ్లే మార్గం ఉంటే చెప్పండి, సంతకం పెడతాను.

తంగేడు పూలు:
అలాగైతే నా వాదన మార్చుకుంటాను. సుంకం మళ్లీ పెట్టమనను. ఎగుమతి అయ్యే ప్రతి చదరపు అడుగు క్రస్ట్ మీద చిన్న రుసుము వసూలు చేసి, అది ఖజానాలో కలవకుండా ఆ జిల్లా శుద్ధి కేంద్రానికే, ఆ జిల్లా కబేళా కార్మికులకే ఇవ్వాలంటాను. దళారిని దాటి డబ్బు ఎలా చేరుతుందో మాత్రం నాకింకా తోచలేదు.

లంద మనవడు:
తోలు మీద తీసినవాడి గుర్తు ఉండాలి. సున్నంలో వేసినా చెదరకుండా చిన్న రంధ్రాల అంకె గుద్దవచ్చు. బల్ల మీద గాటు లేదని తేలితే ఆ అంకెకే డబ్బు. మా తాత తన తోలుకు చెవి దగ్గర మూడు గాట్లు పెట్టేవాడు.