రస్ట్‌లో లిస్ప్ రాయడానికి ఆర్‌సీ చాలదా?

బ్రాకెట్ల_బాబు: రస్ట్ భాషలో చిన్న స్కీమ్ (లిస్ప్‌లో ఒక రకం) ఇంటర్‌ప్రెటర్ రాశాను. విలువలన్నీ ఆర్‌సీలో (ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టి, సున్నా కాగానే మెమరీ వదిలేసే పాయింటర్), మారేవి రెఫ్‌సెల్‌లో (పంచుకున్న విలువని మార్చనిచ్చే పెట్టె). అన్‌సేఫ్ (మెమరీ భద్రత కంపైలర్ పూర్తిగా చూడని కోడ్) ఒక్క లైను కూడా లేదు. అయినా అందరూ సొంత గార్బేజ్ కలెక్టర్ (జీసీ, అక్కర్లేని మెమరీని వెతికి తీసేది) రాయమంటారెందుకు?

నైట్‌షిఫ్ట్: మెమరీ లీకవుతుంది కాబట్టి. ఫంక్షన్ లోపల తనను తానే పిలుచుకునే ఇంకో ఫంక్షన్ డిఫైన్ చెయ్యండి. ఎన్విరాన్‌మెంట్ (పేర్లు, వాటి విలువల పట్టిక) క్లోజర్‌ని (ఆ పట్టికని వెంట ఉంచుకునే ఫంక్షన్‌ని) పట్టుకుంటుంది, క్లోజర్ ఎన్విరాన్‌మెంట్‌ని పట్టుకుంటుంది. లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు. ఇదేం కొత్త కాదు. రిఫరెన్స్ కౌంటింగ్‌ని (ఆర్‌సీ చేసేది అదే) కాలిన్స్ 1960లో చెప్తే, చుట్టు తిరిగే లిస్టులకి అది పనికిరాదని మెక్‌బెత్ 1963లోనే రాశాడు.

బ్రాకెట్ల_బాబు: ఒకవైపు వీక్ (లెక్కలోకి రాని పాయింటర్) పెడితే సరి.

నైట్‌షిఫ్ట్: ఏ వైపు? క్లోజర్ వైపు పెడితే, దాన్ని బయటికి రిటర్న్ చేయగానే ఎన్విరాన్‌మెంట్ పోతుంది. రెండోవైపు పెడితే డిఫైన్ చేసిన ఫంక్షనే నిలవదు.

కాఫీ_తర్వాత: గో భాషలో రాయండి, గో జీసీయే మన జీసీ. గొడవుండదు.

బ్రాకెట్ల_బాబు: గో గురించి ఎవరడిగారు?

నైట్‌షిఫ్ట్: ఇంకోటి. పది లక్షల కాన్స్‌ల (లిస్టులో ఒక్కో జత సెల్) లిస్టు కట్టి వదిలెయ్యండి. డ్రాప్ (విలువని వదిలేసే పని) ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దిగుతూ స్టాక్ నింపేస్తుంది.

బ్రాకెట్ల_బాబు: పది లక్షలు ఎవరు కడతారండీ?

కొత్తగా_వచ్చా: నేను కట్టాను. నా దాంట్లో పడిపోయింది 😅 డ్రాప్‌ని లూప్‌లా రాసుకుంటే ఆగింది.

బ్రాకెట్ల_బాబు: చూశారా, జీసీ లేకుండానే ఆగింది!

నైట్‌షిఫ్ట్: లీక్ ఆగిందా? లిస్టు పట్టుకుని వేలాడకండి సార్. జీసీ అంటే అంత భయమెందుకు?

బ్రాకెట్ల_బాబు: భయం కాదు. పోయినేడాది ఒక ఇంటర్వ్యూలో నా పాత లిస్ప్ చూపించాను, దాంట్లో జీసీ ఉంది, నాలుగు చోట్ల అన్‌సేఫ్ ఉంది. "ఇంతోటి దానికి సీ భాషలోనే రాసుకోవచ్చుగా" అని నవ్వారు. చాలా?

నైట్‌షిఫ్ట్: అదా సంగతి. అన్‌సేఫ్ అక్కర్లేదు. సెల్స్ అన్నీ ఒక వెక్‌లో (పెరిగే వరస) పెట్టి, పాయింటర్ బదులు యూ32 ఇండెక్స్ (వరసలో స్థానం చెప్పే 32 బిట్ల అంకె) వాడండి. మార్క్ అండ్ స్వీప్ (వాడుకలో ఉన్నవి గుర్తుపెట్టి, మిగతావి ఊడ్చేసే జీసీ) మామూలు రస్ట్‌లోనే అయిపోతుంది.

బ్రాకెట్ల_బాబు: మార్క్ చేసేటప్పుడు ఒక రూట్ (వెతకడం మొదలెట్టే చోటు) మర్చిపోయాననుకోండి. ఆ స్లాట్ ఇంకో సెల్‌కి వెళ్తుంది, నా పాత ఇండెక్స్ దాన్నే చూపిస్తుంది. బారో చెకర్ (మెమరీ తప్పులు పట్టే రస్ట్ కంపైలర్ భాగం) కిమ్మనదు. అదే బగ్, పేరు మార్చి తెచ్చారు. నేను రస్ట్‌కి వచ్చిందే అది పట్టుకుంటుందని.

నైట్‌షిఫ్ట్: సెగ్‌ఫాల్ట్ (తప్పు మెమరీ ముట్టుకుని ప్రోగ్రాం కూలడం) అయితే రాదుగా. తప్పు విలువ వస్తే టెస్టులో పట్టుకుంటాను. లీకయ్యే లిస్ప్‌ని సర్వర్‌లో వారం నడపలేను.

బ్రాకెట్ల_బాబు: నాది వారం నడవక్కర్లేదు. కంపైలర్ ఒప్పుకుంటే చాలు.

కాఫీ_తర్వాత: టెయిల్ కాల్ (ఫంక్షన్ చివరి పనిగా ఇంకో ఫంక్షన్‌ని పిలవడం) సంగతి ఎవరూ ఎత్తలేదేంటి?