నక్షత్ర చేప గొట్టపు కాళ్ల వీడియో ఎవరైనా తీసి పెట్టగలరా?

అందరికీ నమస్తే. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసాలో ఒక నక్షత్ర చేప, ఎండిన సీ అర్చిన్ (ముళ్ల బంతిలా ఉండే సముద్ర జీవి) పెంకు ఒకటి ఉన్నాయి. పెంకును వెలుతురుకు పట్టి చూపిస్తే వరుసలు వరుసలుగా సన్నని రంధ్రాలు కనబడతాయి, పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. కానీ ఆ రంధ్రాల్లోంచే గొట్టపు కాళ్లు, అంటే ఈ జీవులు కదలడానికి, పట్టుకోవడానికి వాడే మెత్తని సన్నని గొట్టాలు, బయటికొస్తాయని, లోపలి నీటి ఒత్తిడితో సాగుతాయని చెప్తే నమ్మకం కుదరడం లేదు. సముద్రం చూడని పిల్లలే ఎక్కువ మరి.

వీటి వర్గానికే చెందిన సముద్ర దోసకాయ అనే జీవి నమూనా అడగను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పట్టుకోవడమే నేరం. అయితే పొడుగ్గా పడుకుని ఉండే ఆ జీవిలో ఐదు భాగాల సౌష్ఠవాన్ని (నక్షత్ర చేపలోలా ఒకే నడిమి చుట్టూ ఐదు ఒకేలాంటి భాగాలు ఉండటాన్ని) బొమ్మతో ఎట్లా చూపిస్తే అర్థమవుతుంది?

విశాఖ, కాకినాడ వైపు వాళ్లు బతికున్న నక్షత్ర చేప కనబడితే, అడుగున ఉండే గొట్టపు కాళ్లు కనబడేలా నీళ్లలోనే తిరగేసి, అది తనంతట తాను బోర్లా పడేదాకా వీడియో తీయండి, దయచేసి.