అప్‌డేట్: తమ్ముడి ప్యాకింగ్ పనిలో లెక్క కుదిరింది

మా తమ్ముడు (22 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే, నేర్చుకోవడం నెమ్మదిగా సాగే స్థితి) మామయ్య పూజాసామాను కొట్లో కుంకుమ డబ్బీలు ప్యాకెట్‌కి 12 వేయాల్సింది ఒకసారి 9, ఒకసారి 15 వేస్తున్నాడని, సగంలో లేచి వెళ్లిపోతున్నాడని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కోడిగుడ్ల ట్రే సలహానే! రెండు వరసలు, వరసకి ఆరు గుంటలు ఉండేలా కత్తిరించాం. గుంటలు నిండితే ప్యాకెట్ అయినట్టే, లెక్కపెట్టే పనే లేదు.

లేచిపోవడం గురించి స్పెషల్ ఎడ్యుకేటర్ మేడం చూశారు. బద్ధకం కాదట, పని ఎక్కడ అయిపోతుందో వాడికి తెలియడం లేదట. అందుకే చివరి మెట్టునే ముందుగా నేర్పించారు: మొదటి వారమంతా మేం నింపిన ప్యాకెట్‌కి సీలు వేయడమే. తర్వాత కవర్లో పోయడం, ఆఖరున ట్రే నింపడం. ఐదు వారాలు పట్టింది. మధ్యలో నేనే రెండుసార్లు విసుక్కున్నాను, వాడు కాదు.

జ్ఞాపకశక్తి టానిక్‌కి పెట్టిన డబ్బు దండగ. వినికిడి పరీక్ష నార్మలే వచ్చింది, లెక్క తప్పడానికీ వినికిడికీ సంబంధం లేదు.

చిల్లర ఇవ్వడం ఇంకా రాలేదు. ప్రస్తుతానికి గల్లాపెట్టె మామయ్య దగ్గరే.